పంటకీ పంటకీ మధ్య సెలవుంది, వేలికి లేదా?



ఈసారి గూళ్ళ రేటు గురించి రాయడం లేదు, ఊజీ ఈగ గురించి కూడా కాదు. చేతి వేళ్ళ గురించి రాస్తున్నాం. ఈ మధ్య గ్రూపులో వాయిస్ మెసేజుల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "పొద్దున్న లేస్తే వేలు ముడుచుకొని ఉంటాది. ఇంకో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటాది. ఏమి చేసేది? కోత లేకుండా సూదితోనే సరిచేస్తారంట కదా, నిజమేనా?" అడిగినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. కొందరు అక్కలు తాము అడగలేక కొడుకు చేతనో కోడలి చేతనో అడిగించారు.

మేము డాక్టర్లం కాదు. పదో తరగతి చదివి పురుగులు మేపుకొని బతికేవాళ్ళం. కానీ ఈ విషయం మా ఇళ్ళలోనూ ఉంది కాబట్టి ఎముకల డాక్టర్లను అడిగాం, దొరికినది చదివాం. తెలిసినదాన్ని బట్టి మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సూదితో చేసే చికిత్స నిజమే, మంచిదే. మన పనికి అది బాగా సరిపోతుంది కూడా. అయితే అది మొదటి మెట్టు కాదు, అన్ని వేళ్ళకూ ఒకేలా పనికిరాదు. అన్నిటికంటే పెద్ద మాట ఏమిటంటే, మన ఇళ్ళలో ఈ జబ్బు ముదిరేది మందు లేక కాదు, "ఈ పంట కానీ" అని వాయిదా వేయడం వల్ల. దాన్ని మార్చుకోవాలి.

*ఇది ఏమి జబ్బు?*

ఇంగ్లీషులో ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. తుపాకీ మీట నొక్కినట్టు వేలు ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి ఆ పేరు. 1850లోనే నొట్టా అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వివరించి రాశాడు. కొత్త జబ్బేమీ కాదు.

వేలిని ముడిచే కండరం వేలిలో ఉండదు, ముంజేతిలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక తాడు అరచేతి గుండా వేలి చివరి దాకా పోతుంది. ఆ తాడు ఎముకకు అంటుకొని పోయేట్టు వేలి పొడవునా ఉంగరాల మాదిరి గట్టి పట్టీలు ఉంటాయి. మొదటి పట్టీ వేలి మొదట్లో, అరచేతిలో ఉంటుంది. ఆ పట్టీ మందమై ఇరుకైనా, తాడు మీద ఉబ్బు వచ్చినా, తాడు అక్కడ ఇరుక్కుంటుంది.

మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. నూలు తీసే చరకా దగ్గర నిలబడి చూసినవాళ్ళందరికీ తెలుసు. దారం సన్నని రంధ్రంలోంచి పోతుంది. దారంలో ఉండ వస్తే రంధ్రం దగ్గర ఆగిపోతుంది. గట్టిగా లాగితే టక్కుమని దాటుతుంది, లేదంటే అక్కడే నిలిచిపోతుంది. వేలిలో జరిగేది అచ్చం అదే.

మొదట వేలి మొదట్లో, అరచేతి వైపు నొక్కితే నొప్పి ఉంటుంది. తర్వాత పొద్దున్నపూట బిగుసుకొని, పొద్దెక్కేకొద్దీ సడలుతుంది. ఆ తర్వాత ముడిస్తే టక్కుమంటుంది. ఇంకా పోతే ఇంకో చేత్తో లాగితే గాని తెరుచుకోదు. చివరికి లాగినా రాదు. చాలామంది నొప్పి వేలి మధ్య కణుపులో ఉందనుకొని అక్కడ నూనె రాసి పిసుకుతారు. గుట్టు ఉన్నది అక్కడ కాదు, కింద అరచేతిలో.

*నరం అనే మాటతో వచ్చిన భయం*

ఆపరేషన్ అనగానే మన ఇళ్ళలో వచ్చే మొదటి మాట: "నరం కోసేస్తారంట, చెయ్యి పడిపోతాది." ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే మాకు ఒకటి తోచింది. మన మాటలో నరం అనేది ఒక్కటే. రక్తం పోయే గొట్టమూ నరమే, "నరానికి సూది వేశారు" అంటాం. స్పర్శ తెలిపేదీ నరమే, "నరాల బలహీనత" అంటాం. వేలిని లాగే తాడూ నరమే, "నరం పట్టేసింది" అంటాం. మూడూ వేరు వేరు వస్తువులు. పోనీ ఆస్పత్రిలో కన్నడలోనో తమిళంలోనో మాట్లాడితే తికమక తీరుతుందా అంటే అదీ లేదు. అక్కడా నర, నరంబు అనే అంటారు.

అందుకే తేటగా చెప్పుకుందాం. ఈ చికిత్సలో కోసేది స్పర్శ నరాన్ని కాదు, రక్త నాళాన్ని కాదు, వేలిని లాగే తాడునూ కాదు. తాడు మీద బిగుసుకున్న ఆ మొదటి పట్టీని మాత్రమే. అది తెరుచుకుంటే తాడు సలీసుగా పోతుంది. మిగతా పట్టీలు అలాగే ఉంటాయి కాబట్టి వేలి పట్టు పోదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ భయం ఉంటే ముందు ఈ ఒక్క మాట అర్థమయ్యేట్టు చెప్పండి. సగం భయం అక్కడే పోతుంది.

*మనకే ఎందుకు?*

ఒక్క లెక్క వేద్దాం. నూరు గుడ్ల బైవోల్టిన్ పంట మేపితే, మాటకి 70 కిలోల గూళ్ళు వచ్చాయనుకోండి. కిలోకి సుమారు 550 నుంచి 600 గూళ్ళు తూగుతాయి. అంటే దగ్గర దగ్గర 40 వేల గూళ్ళు. ఒక్కొక్కటీ చంద్రిక నుంచి వేళ్ళతో పట్టి లాగి తీసిందే. అంతకు ముందు పండిన పురుగుల్ని చేత్తో ఏరి చంద్రికలకి వేసి ఉంటే ఆ లెక్క మళ్ళీ ఇంకోసారి. దీనికి ముందు టన్ను పైన ఆకు. నాలుగో జ్వరం లేచిన తర్వాత ఏడెనిమిది రోజుల్లో పురుగు తన మొత్తం ఆకులో నూటికి 80 పైన తింటుంది. ఆ వారంలో కొడవలి, కత్తెర చేతిలోంచి దిగదు. కొమ్మ కోసేది, మోపు కట్టేది, మోపు విప్పేది, కొమ్మలు పరిచేది, పడక తీసేది. అన్నీ పిడికిలి బిగించి చేసే పనులే.

అయితే నిజం నిజంగా చెప్పుకోవాలి. పని వల్లనే ఈ జబ్బు వస్తుందని డాక్టర్లు తేల్చి చెప్పరు. పని ఎక్కువైతే నొప్పి, బిగువు ఎక్కువవుతాయని మాత్రం చెబుతారు. 40 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళలో, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళకీ, కీళ్ళవాతం ఉన్నవాళ్ళకీ ఎక్కువ. అన్నిటికీ మించి షుగర్. మామూలువాళ్ళలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చేది నూటికి ఇద్దరు ముగ్గురికి. షుగర్ ఉన్నవాళ్ళలో అది నూటికి పది మంది దాకా పోతుంది. అందుకే ఒకటి కంటే ఎక్కువ వేళ్ళకి వచ్చిందంటే, రెండు చేతులకీ వచ్చిందంటే, ముందు షుగర్ చూపించుకోవాలి. మూడు నెలల షుగర్ అని ఒక పరీక్ష ఉంది, అది చేయించాలి. వేలు పట్టుకుందని ఆస్పత్రికి పోయి, షుగర్ ఉందని మొదటిసారి తెలుసుకొని వచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

ఇంకొక మాట. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది వేరే జబ్బు, మణికట్టు దగ్గర స్పర్శ నరం నొక్కుకుపోవడం. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. డాక్టరుకి రెండూ చెప్పాలి.

*మెట్లు ఎక్కినట్టు పోవాలి*

సూది మాట విని చాలామంది నేరుగా అక్కడికే పోదామంటున్నారు. ఇంకొందరు చివరి దాకా దేనికీ పోరు. రెండూ సరికాదని మా అభిప్రాయం.

మొదటి మెట్టు విశ్రాంతి, పట్టీ. వేలి మొదటి కణుపు ముడుచుకోకుండా చిన్న ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు. ఆరు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ రోజులు పెట్టుకోవాలి. జబ్బు కొత్తగా ఉన్నప్పుడు దీనితోనే చాలామందికి గుణం కనిపిస్తుంది. కానీ ఆరు వారాలంటే మనకి ఒక పంట దాటిపోతుంది. పట్టీ పెట్టుకొని కొమ్మ కోయలేం. అందుకే మన ఇళ్ళలో పట్టీ రెండో రోజే గూట్లోకి పోతుంది. కనీసం రాత్రిపూటైనా పెట్టుకుంటే పొద్దున్న బిగువు తగ్గుతుంది.

రెండో మెట్టు స్టెరాయిడ్ ఇంజెక్షన్. తాడు చుట్టూ ఉన్న వాపు తగ్గడానికి వేలి మొదట్లో వేస్తారు. దీన్ని చిన్నచూపు చూడొద్దు. 2012లో బ్రెజిల్ డాక్టర్లు 150 వేళ్ళ మీద చేసిన పరిశీలన ఒకటి అచ్చయింది. ఒక్క ఇంజెక్షన్‌తో నూటికి 57 వేళ్ళు బాగయ్యాయి. అవసరమైనవాళ్ళకి రెండోది కూడా వేస్తే నూటికి 86 బాగయ్యాయి. సూదితో పట్టీ తెరిచినవాళ్ళలోనూ, కోసి తెరిచినవాళ్ళలోనూ అందరికీ వేలు పట్టుకోవడం పోయింది. అంటే ఇంజెక్షన్‌తో పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, పోనివాళ్ళకి గట్టి దారి ఉంది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంజెక్షన్ కొంచెం తక్కువ పనిచేస్తుంది. వేసుకున్న తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కూడా. కాబట్టి డాక్టరుకి షుగర్ సంగతి చెప్పి, ఆ వారం ఇంట్లో చూసుకుంటూ ఉండాలి. ఒకే వేలికి మళ్ళీ మళ్ళీ వేయించుకుంటూ పోకూడదు. రెండుసార్లకి తగ్గకపోతే మూడో మెట్టు గురించి ఆలోచించాలి.

మూడో మెట్టు ఆ పట్టీని తెరవడం. ఇది రెండు రకాలు. ఒకటి అరచేతిలో సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు కోసి, పట్టీని కంటితో చూసి తెరిచి, కుట్లు వేసేది. ఇంకొకటి చర్మం కోయకుండా సూది మొనతో లోపలి పట్టీని తెరిచేది. చర్మం కోయకుండా చేయవచ్చని 1958లో లోర్తియోర్ అనే డాక్టరు రాశాడు. మామూలు ఇంజెక్షన్ సూదితోనే ఈ పని చేయడం 1990ల నుంచి బాగా వ్యాపించింది.

*సూదితో ఎట్లా చేస్తారు?*

చెయ్యి శుభ్రం చేసి, వేలి మొదట్లో మత్తు సూది వేస్తారు. మనిషికి మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉంటాం. తర్వాత కొంచెం లావు సూదిని ఆ పట్టీ దగ్గర దించి, తాడు పోయే దారిలోనే ముందుకీ వెనక్కీ కదిలిస్తూ పట్టీని తెరుస్తారు. గరగరమని తెలుస్తుందని చేయించుకున్నవాళ్ళు చెబుతారు. మధ్యలో "వేలు ముడవండి, తెరవండి" అని అడుగుతారు. టక్కుమనడం ఆగిపోతే పని అయినట్టు. కొన్ని నిమిషాల పని. చిన్న బ్యాండేజీ వేసి అదే రోజు ఇంటికి పంపుతారు. కుట్లు ఉండవు. వేలు ఆ రోజు నుంచే కదిలించాలి, కదిలించకపోతేనే బిగుస్తుంది. నొప్పి, వాపు కొన్ని రోజులు ఉంటాయి. గట్టిగా పట్టి చేసే పని ఒకటి రెండు వారాలు ఆపాలి.

కొన్నిచోట్ల స్కానింగ్ మిషన్ పెట్టి లోపల చూస్తూ సూది పెడతారు. సూది ఎక్కడుందో తెరమీద కనపడుతుంది కాబట్టి అది ఉంటే ఇంకా మంచిది.

మన పనికి ఇది సరిపోతుందని మేము అనేది దేనికంటే, మన చేతులు ఉండే చోటు అట్లాంటిది. బ్లీచింగ్ పౌడరు, సున్నం, పడక మీద చల్లే మందు, ఆకు పాలు, పురుగుల పెంటిక, ఎప్పుడూ తడి. అరచేతిలో కుట్లు పెట్టుకొని పురుగుల షెడ్డులోకి పోకూడదు. కుట్లు తీయడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ మచ్చ మెత్తబడడానికి ఇంకొన్ని వారాలు. సూది గాయం రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. ఇంటి పని, షెడ్డు పని ఎవరూ పూర్తిగా పంచుకోని ఇళ్ళలో ఈ తేడా చిన్నది కాదు.

*కానీ సూదే గొప్ప అనొద్దు*

ఇక్కడ మేము గట్టిగా ఒక మాట చెప్పాలి. "కోత లేదు" అనే మాట సగమే నిజం. చర్మం మీద కోత లేదు, లోపల కోతే. కంటితో చూడకుండా చేసే కోత. అందుకే అది చేసే చెయ్యికి అలవాటు ఉండాలి.

బొటనవేలి సంగతి వేరు. బొటనవేలి మొదట్లో స్పర్శ నరం ఆ పట్టీకి అడ్డంగా, చాలా దగ్గరగా పోతుంది. సూది అటు ఇటు అయితే ఆ నరానికి తగులుతుంది, వేలి కొన తిమ్మిరెక్కిపోతుంది. కత్తెర పట్టేది, గూడు లాగేది బొటనవేలితోనే కదా. అందుకే చాలామంది డాక్టర్లు బొటనవేలికి కోసి, కళ్ళతో చూసి చేయడమే మంచిదంటారు. చూపుడువేలికీ కొంత జాగ్రత్త కావాలి. మధ్యవేలికి, ఉంగరం వేలికి సూది బాగా కుదురుతుంది. "పక్కింటామెకి సూదితో చేశారు, నాకెందుకు కోస్తామంటారు, దుడ్డు కోసమా?" అని డాక్టరుతో గొడవ పడే ముందు, ఆమెది ఏ వేలు, మీది ఏ వేలు అని చూసుకోండి.

ఇంకా కొన్నిసార్లు పట్టీ పూర్తిగా తెగక కొంచెం మిగిలిపోతుంది, వేలు మళ్ళీ పట్టుకుంటుంది. అప్పుడు కోసి చేయాల్సి రావచ్చు. నెలల తరబడి ముడుచుకొనే ఉన్న వేలైతే పట్టీ తెరిచినా కీలు తిన్నగా రాకపోవచ్చు, ఎందుకంటే అప్పటికి కీలే బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే ఆలస్యం చేయొద్దని మేము అంటున్నది. జబ్బు చిన్నది కాబట్టి ఆగడం లేదు మనం, పని పెద్దది కాబట్టి ఆగుతున్నాం. వేలు ఆ లెక్క చూడదు.

*ఎప్పుడు చేయించుకోవాలి?*

మన నెల డాక్టరు నెల కాదు. మన నెల చాకీతో మొదలై మార్కెట్టుతో ముగుస్తుంది. నాలుగో జ్వరం లేచిన వారంలో ఎవరికి చెప్పినా ఆస్పత్రికి పోరు, మేమైనా పోము. అందుకని మేము చెప్పేది ఇది. గూళ్ళు మార్కెట్టుకి పోయిన మరుసటి రోజే వేలు చూపించుకోవడానికి రోజు పెట్టుకోండి. షెడ్డు కడిగి మందు కొట్టేదానికి తేదీ ముందే పెట్టుకుంటాం కదా, అట్లనే.

అయితే ఆ కడిగే పని మాత్రం ఆ చేత్తో చేయకూడదు. సూది పెట్టించుకున్న వారంలో బ్లీచింగ్ నీళ్ళలో చెయ్యి పెట్టినవాళ్ళకి గాయం మానదు. తొడుగు వేసుకుంటే సరిపోతుందనుకోవద్దు, లోపల చెమటతో తడిసిపోతుంది. ఆ పని ఇంట్లో ఇంకొకరు చేయాలి, లేదా కూలి పెట్టాలి.

రెండు తోటలు పెట్టి నెలనెలా పంట తీసేవాళ్ళకి ఖాళీయే దొరకదు, అది మాకు తెలుసు. వాళ్ళకి మా సలహా: ఒక్క పంట నూరు గుడ్లకి బదులు యాభై పెట్టండి. పంట మొత్తం ఆపమనడం లేదు. యాభై గుడ్లు మేపితే సగం ఆదాయం తగ్గుతుంది, నిజమే. కానీ వేలు పూర్తిగా బిగుసుకున్న మనిషి ఉన్న ఇంట్లో ప్రతి పంటకీ ఒక కూలి మనిషి ఎక్కువ కావాలి. ఆ కూలిని ఏడాదికి లెక్కగట్టి చూడండి. ఏది దండగో మీకే తెలుస్తుంది.

*ఎవరి చెయ్యి, ఎవరి నిర్ణయం?*

ఇప్పుడు కొంచెం చేదు మాట. మార్కెట్టుకి గూళ్ళు తీసుకొనిపోయేది మగవాళ్ళం. చీటీ మన పేరు మీద, దుడ్డు మన చేతికి. షెడ్డులో రాత్రి పదింటికి ఆకు వేసేది, తెల్లారి నాలుగుకి లేచి చూసేది ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళు. గూళ్ళు తీసేదీ వాళ్ళే. వేలు పట్టుకునేదీ ఎక్కువగా వాళ్ళకే. కానీ ఆస్పత్రికి ఎప్పుడు పోవాలో చెప్పేది మనం.

కత్తెర మొండిబోతే అదే రోజు సాన పట్టిస్తాం. మోటారు కాలిపోతే రాత్రికి రాత్రి బండి కట్టుకొని పోతాం. అదే అత్తకో వదినకో వేలు రాకపోతే "గమ్మున నూనె రాయి, సరిపోతాది" అంటాం. వాళ్ళూ ఓర్చుకుంటారు. చెంబు పట్టుకోలేక, జడ వేసుకోలేక, పిల్లోడి చొక్కా గుండీ పెట్టలేక ఓర్చుకుంటారు. పురుగు ఒక పూట ఆకు తినకపోతే కనిపెట్టే కళ్ళు మనవి. ఇంట్లో మనిషి ఎడమచేత్తో అన్నం తింటుంటే కనపడలేదంటే నమ్మేటట్టు లేదు.

కాబట్టి మగవాళ్ళకి ఒకటే మాట. అడగండి. "వేలు ఎట్లుంది, పొద్దున్న బిగుస్తోందా?" అని ఒక్కసారి అడగండి. అక్కలకి ఒక మాట. ఓర్చుకోవడాన్ని ఎవరూ లెక్కలో రాయరు. నొప్పి మొదలైన పంటలోనే చెప్పండి.

*శాఖవాళ్ళు చేయగలిగింది*

పట్టుపరిశ్రమ శాఖ ట్రైనింగుల్లో మనకి ఎరువు, చీడ, షెడ్డు వేడి, గాలి తేమ అన్నీ చెబుతారు. మేపే చేతి గురించి ఒక్క గంటైనా చెప్పాలి. కత్తెర స్ప్రింగు ఎట్లుండాలి, పిడి ఎంత లావు ఉంటే పట్టు సులువు, పదును పోయిన కత్తెరతో కోస్తే వేలి మీద ఎంత బరువు పడుతుంది, గంటకొకసారి చెయ్యి ఎందుకు మార్చాలి, ఇవి చెప్పడానికి ఖర్చు లేదు. కొమ్మ కోసే మిషన్లు, గూళ్ళు తీసే మిషన్లు చిన్న రైతుకి అందేట్టు, పది ఇళ్ళకి ఒకటి అద్దెకి దొరికేట్టు చేస్తే ఆడవాళ్ళ చేతుల మీద భారం తగ్గుతుంది.

ఇంకొకటి. శిడ్లఘట్ట, రామనగర, ధర్మపురి లాంటి గూళ్ళ మార్కెట్లకి పొద్దున్నే ఎంతోమంది రైతులు వస్తారు. వేలం అయ్యేదాకా కాచుకొని కూర్చుంటారు. నెలకొక రోజు అక్కడే షుగర్ పరీక్ష, చేతుల పరీక్ష పెట్టమని మన సంఘాలు అడగాలి. మగవాళ్ళే కాదు, ఆ రోజు ఇంటి ఆడవాళ్ళనీ తీసుకొనిపోవాలి.

*పోయే ముందు అడగాల్సినవి*

డాక్టరు దగ్గర నోరు పెగలదు మనకి. అందుకే ఇవి రాసి పెట్టుకొని పోండి.

1. నాది ఏ దశలో ఉంది? పట్టీతోనో ఇంజెక్షన్‌తోనో పోయే అవకాశం ఉందా?
2. నా వేలికి సూది పద్ధతి సరిపోతుందా, కోసి చేస్తేనే మంచిదా? ఎందుకు?
3. సూదితో మీరు ఎన్నాళ్ళుగా చేస్తున్నారు? స్కానింగ్ చూస్తూ చేస్తారా?
4. ఎన్ని రోజులు తడి తగలకూడదు? కత్తెర ఎప్పుడు పట్టుకోవచ్చు?
5. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కార్డు, యశస్విని, తమిళనాడులో అయితే ముఖ్యమంత్రి బీమా కార్డు, దీనికి చెల్లుతుందా? ఒక్క పూటలో అయిపోయే చికిత్స కాబట్టి ఇది ముందే అడగాలి.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. షుగర్ ఉంటే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటే చెప్పండి. అదే వేలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎప్పుడు వేసుకున్నారో తేదీతో చెప్పండి, ఎందుకంటే ఇంజెక్షన్ వేసుకున్న కొద్ది రోజులకే పట్టీ తెరిపిస్తే చీము పట్టే భయం ఎక్కువ. ఎముకల డాక్టరు దగ్గరికో, చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికో పోండి. జిల్లా ఆస్పత్రిలో, మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఎముకల విభాగం ఉంటుంది. వేలు లాగి సరిచేస్తామనే నాటువాళ్ళ దగ్గరికి వద్దు.

చేయించుకున్న తర్వాత వేలు ఎర్రబడి వాచినా, చీము వచ్చినా, జ్వరం వచ్చినా, వేలి కొన తిమ్మిరి తగ్గకపోయినా, వేలు ముడవడం రాకపోయినా అదే రోజు తిరిగి పోవాలి. పంట ఉందని ఆగొద్దు.

వచ్చే పంటకి గుడ్లు చెప్పే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒకసారి పిడికిలి బిగించి తెరవమనండి. ఎవరి వేలు వెనకబడిందో చూసి, ఆ తర్వాత గుడ్ల లెక్క వేసుకోండి.